దక్షిణాఫ్రికా అడవి చెట్ల జన్యుక్రమం ఎందుకు చదువుతున్నారు?

[తెరపై: వరుసగా నాటిన యూకలిప్టస్ తోట]

మన రైతులు జామాయిల్ అని పిలిచే యూకలిప్టస్ జన్యుక్రమం, అంటే దాని డీఎన్ఏలోని అక్షరాల పూర్తి వరుస, 2014లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. దానిని చదివిన అంతర్జాతీయ బృందాన్ని ముందుండి నడిపించినవారిలో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాండర్ మైబర్గ్ ఒకరు. ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. అయినా కాగితం, కలప పరిశ్రమలకు దానితో పని ఉంది కనుక పరిశోధనకు డబ్బు దొరికింది. దక్షిణాఫ్రికా అడవుల్లోనే పుట్టి పెరిగిన చెట్లకు మాత్రం ఆ అదృష్టం చాలాకాలం పట్టలేదు. దేశంలోని 1000 జీవజాతుల జన్యుక్రమాలు చదవాలన్న ‘1కేఎస్ఏ’ వంటి ప్రాజెక్టులతో ఇప్పుడిప్పుడే వాటి వంతు వస్తోంది.

[తెరపై: పొగలు కక్కే ద్రవ నైట్రోజన్‌లో లేతాకు]

పని లేతాకుతో మొదలవుతుంది. ఆకును ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, మెత్తగా నూరి, అందులోంచి డీఎన్ఏను వేరుచేస్తారు. వినడానికి తేలికే గాని, చెట్ల ఆకుల్లోని వగరు పదార్థాలూ, బెండకాయ జిగురులాంటి పదార్థాలూ డీఎన్ఏను అంటిపెట్టుకుని ఒక పట్టాన వదలవు. పొడవైన పోగులు తెగకుండా వాటిని కడిగి తీయడంలోనే ప్రయోగశాల నేర్పంతా ఉంది. యంత్రం చదివిచ్చిన ముక్కలను కంప్యూటర్‌తో అతికించి ఒక్క చెట్టు జన్యుక్రమాన్ని పూర్తిచేస్తే, దాని ఆధారంగా అదే జాతికి చెందిన ఎన్నో చెట్లను తక్కువ ఖర్చుతో పోల్చి చూడవచ్చు. సంరక్షణకు అసలు పనికివచ్చేది ఆ పోలికే.

[తెరపై: బెరడు ఒలిచిన కాండం]

దక్షిణాఫ్రికాలోని జూలూ ప్రజలు ఇసిభాహా అని పిలిచే చెట్టు బెరడు మిరియంలా ఘాటుగా ఉంటుంది. దగ్గు, జలుబులకు మందని ఆ బెరడును చుట్టూతా ఒలిచేయడంతో ఎన్నో చెట్లు నిలువునా ఎండిపోయాయి. అందుకే క్రూగర్ జాతీయ పార్కులో నారు పెంచి సంప్రదాయ వైద్యులకు పంచుతున్నారు, బెరడుకు బదులు ఆకు వాడమంటున్నారు. ఇది మంచి ప్రయత్నమే. అయితే నారంతా నాలుగైదు తల్లిచెట్ల విత్తనాలదే అయితే, తోట చూపులకు పచ్చగానే ఉన్నా తరువాతి తరంలో దగ్గరి బంధువుల మధ్యే పరాగ సంపర్కం జరిగి, కొత్త తెగులును తట్టుకునే శక్తి తగ్గిపోవచ్చు. ఏయే చోట్ల చెట్ల నుంచి విత్తనం సేకరించాలో జన్యు పోలిక చూపిస్తుంది.

[తెరపై: బావోబాబ్]

బావోబాబ్‌తో చిక్కు వేరు. గోల్కొండ నయాఖిల్లాలోని ‘హతియాన్ కా ఝాడ్’ కూడా ఈ ఆఫ్రికా జాతిదే. దాని బంధు జాతుల్లో ఒక్కో క్రోమోజోముకు రెండేసి ప్రతులు ఉంటే, ఇందులో నాలుగేసి ఉంటాయి కనుక చెట్ల మధ్య తేడాలను లెక్కకట్టడం కష్టమవుతుంది.

[తెరపై: వుడ్ సైకడ్]

అన్నిటికన్నా కఠినమైన ఉదాహరణ వుడ్ సైకడ్. సైకడ్‌లు చూడటానికి ఈతచెట్టులా ఉండే ప్రాచీన జాతి మొక్కలు, వీటిలో ఆడ, మగ చెట్లు వేరువేరు. 1895లో వృక్షశాస్త్రవేత్త జాన్ మెడ్లీ వుడ్ దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో ఉన్న ఒంగోయె అడవిలో దీనిని గుర్తించాడు. దొరికింది ఒకే గుబురు, అదీ మగది. నేడు ప్రపంచంలోని వృక్షోద్యానాల్లో ఉన్నవన్నీ దాని పిలకల సంతానమే కాబట్టి, ఎన్నింటిని చదివినా కనిపించేది ఒకే జన్యుక్రమం. ఆడచెట్టు నేటికీ దొరకలేదు. అందువల్ల దీని పుప్పొడిని దగ్గరి బంధువైన నటాల్ సైకడ్ ఆడచెట్లకు పట్టించి, వచ్చిన ఆడమొక్కలను మళ్లీ వుడ్ పుప్పొడితోనే సంకరం చేస్తూ, తరతరానికీ వుడ్ సైకడ్‌కు దగ్గరైన ఆడచెట్టును రాబట్టడం ఒక మార్గం. సైకడ్ కంకి వేసేదాకా ఆడో మగో తెలియదు, అందుకు ఏళ్లు పడుతుంది. 2022లో చైనాకు చెందిన ఒక సైకడ్ జన్యుక్రమంలో మగచెట్లకే ప్రత్యేకమైన భాగం బయటపడింది. అటువంటి గుర్తు ఆఫ్రికా జాతుల్లోనూ పనిచేస్తే, చిన్న ఆకుముక్కతో ఆడమొక్కలను నారుమడిలోనే ఏరుకోవచ్చు.