గొంతులో గడ్డ, రిపోర్టులో మాట

శ్రోతలకు నమస్కారం. నేను అనంతపురంలో పాథాలజీ డాక్టరుని. ఆపరేషన్‌లో తీసిన గడ్డలను మైక్రోస్కోప్ కింద చూసి, అవేమిటో రాసివ్వడం నా పని. మామూలుగా రోగులు నన్ను చూడరు. నా రిపోర్టే చూస్తారు.

ఈమధ్య ఉరవకొండ వైపు నుంచి ఒక పెద్దావిడ ఆ రిపోర్టు పట్టుకుని నేరుగా ల్యాబ్‌కే వచ్చేసింది. మెడ మీద థైరాయిడ్ ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. "మేడమ్, దీంట్లో ట్యూమర్ అని ఉందంట, మా చిన్నోడు చదివినాడు. నాకు క్యాన్సరేనా?" అంది. రెండు రాత్రులుగా నిద్ర లేదట. రాసింది నేనే, కాబట్టి చెప్పాల్సిందీ నేనే అనిపించింది.

ట్యూమర్ అంటే కంతి, అంతే. అది ఎలాంటిదో పక్కనున్న మాట చెబుతుంది. బినైన్ అని ఉంటే అది క్యాన్సర్ కాదు. వేరే అవయవాలకు పాకదు.

థైరాయిడ్‌లో గడ్డలన్నీ ఒక్కటి కావు. ఎక్కువగా కనిపించేది గ్రంథిలో అక్కడక్కడా లేచే గడ్డల జబ్బు. ఒకటి శెనక్కాయ విత్తనమంత ఉంటే, ఇంకొకటి నిమ్మకాయంత ఉంటుంది. ఇన్నాళ్లూ మల్టీనాడ్యులర్ గాయిటర్ అనేవాళ్లం. 2022లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని ఫాలిక్యులర్ నాడ్యులర్ డిసీజ్ అంది. తిండిలో అయోడిన్ తక్కువైన చోట ఇది ఎక్కువ.

అసలైన బినైన్ కంతి ఫాలిక్యులర్ అడినోమా. ఆ పెద్దావిడకు ఉన్నది అదే. సాధారణంగా ఒక్కటే ఉంటుంది, దాని చుట్టూ సన్నని తొడుగు ఉంటుంది. మన చీనీకాయను అడ్డంగా కోసి చూడండి. లోపల తొనలు, చుట్టూ తొక్క. తొక్క ఎక్కడా తెగకుండా ఉంటే అడినోమా. లోపలి కణాలు తొక్కను చీల్చుకుని బయటికొచ్చినా, రక్తనాళంలోకి దూరినా అది ఫాలిక్యులర్ కార్సినోమా, అంటే క్యాన్సర్. లోపలి కణాలు మాత్రం రెండింటిలోనూ ఒకేలా కనిపించవచ్చు.

"సూది పరీక్ష చేసినారు కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని చాలామంది కోపంగా అడుగుతారు. వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ సూదిలోకి వచ్చేది రసంలాంటి లోపలి కణాలే, తొక్క కాదు. సూది పరీక్షకు బెథెస్డా పద్ధతిలో ఆరు వర్గాలున్నాయి. నాలుగోది ఫాలిక్యులర్ నియోప్లాసం. అది రాశామంటే, అడినోమానో క్యాన్సరో కంతి మొత్తం చేతికొస్తేనే తేలుతుందని అర్థం. అందుకే అలాంటప్పుడు చాలాసార్లు గ్రంథిలో సగం తీస్తారు. మేము ఆ తొడుగును చుట్టూతా ముక్కలుగా కోసి, ప్రతి అంచూ వెతుకుతాం. ఆ పని తొందరపడితే కుదరదు. రిపోర్టు ఆలస్యమైతే దయచేసి తిట్టుకోకండి.

అడినోమాలో ఇంకొన్ని రకాలున్నాయి. నూటికి 75 పైన కణాలు ఉబ్బి, గులాబీ రంగు ఇసుక నింపినట్లు కనిపిస్తే ఆంకోసైటిక్ అడినోమా. పాత రిపోర్టుల్లో హర్తిల్ సెల్ అని ఉండేది దీనికే. లోపలికి మడతలు మడతలుగా పెరిగే రకం ఒకటుంది. అది తరచుగా హార్మోను ఎక్కువ తయారుచేస్తుంది, గుండె దడ, చేతుల వణుకు రావచ్చు. ఇక నిఫ్ట్‌పీ అని ఒక కంతి, అటు బినైన్, ఇటు క్యాన్సర్ కాకుండా మధ్యలో ఉంటుంది. 2016లో నిపుణులు దాని పేరులోంచి క్యాన్సర్ అనే మాట తీసేశారు. ఒక్క మాట తీసేస్తే ఎన్ని ఇళ్లలో టెన్షన్ తగ్గిందో!

ఆ పెద్దావిడను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టి ఆమె స్లైడే చూపించాను. చిన్న చిన్న గుండ్రటి గదులు, వాటి నిండా గులాబీ రంగు జిగురు, చుట్టూ తెగని గీత. "ఈ గీత ఎక్కడా తెగలేదమ్మా, మూడుసార్లు చూసినాను" అన్నాను. చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత చెంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది: "మాత్రలు జీవితాంతం మింగాల్నా?"

అందరికీ అవసరం లేదు. మిగిలిన సగం గ్రంథే చాలామందికి సరిపోతుంది. ఆపరేషన్ అయిన ఆరు వారాలకు, థైరాయిడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి, దాన్నిబట్టి డాక్టరు చెబుతారు. ఆ తారీకు రిపోర్టు వెనకాల పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.