హాడ్‌ఫీల్డ్ ఇంట్లో కూపర్ పిల్లలు

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నేను 22 ఏళ్లుగా ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఉంటున్నాను. అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, డెర్బీషైర్ కొండల మధ్య ఒక పల్లె ఉంది. స్పెల్లింగు చూసి మనం 'ఎయామ్' అని చదువుతాం. అక్కడివాళ్లు మాత్రం 'ఈమ్' అంటారు. కరోనా రోజుల్లో ఆ ఊరి పేరు మళ్లీ అందరి నోటా పడింది. 1665లో ప్లేగు వచ్చినప్పుడు, జబ్బు చుట్టుపక్కల ఊళ్లకు పాకకూడదని తమకు తామే హద్దు గీసుకుని లోపల ఉండిపోయిన ఊరు అది.

ఆ కథ చెప్పేవాళ్లందరూ ఇద్దరు పాదిరీల దగ్గర మొదలుపెడతారు. ఒకరు విలియం మోంపెస్సన్, అప్పటి పాదిరి, వయసులో చిన్నవాడు. రెండో ఆయన థామస్ స్టాన్లీ. 1662లో ప్రభుత్వం తెచ్చిన మత చట్టానికి ఒప్పుకోక పదవి పోగొట్టుకున్నా, ఊరివాళ్ల నమ్మకం మాత్రం ఆయన మీదే ఉండేది. ఆ ఇద్దరూ చేతులు కలిపారు కాబట్టే ఊరు మాట విన్నది. వాళ్ల గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇన్నేళ్లుగా ఆ ఊరి కాగితాలు చదువుతూ వచ్చాక, కథ అక్కడ మొదలుపెట్టబుద్ధి కావడం లేదు. చర్చి పక్కన ఒక చిన్న రాతి ఇల్లు ఉంది. దాని ముందు పాతిన పలక దగ్గర మొదలుపెడతాను.

పలక మీద ఉన్నది ఇది. ఈ ఇంట్లో మేరీ అనే ఆవిడ ఉండేది. భర్త అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్. పిల్లలు ఎడ్వర్డ్, జోనథన్. పనికి కుదిరిన దర్జీ జార్జ్ వికర్స్. లండన్ నుంచి ప్లేగును మోసుకొచ్చిందని చెప్పే బట్టల మూట వచ్చింది ఆ ఇంటికే. సెప్టెంబరు 7న వికర్స్ పోయాడు. 22న నాలుగేళ్ల ఎడ్వర్డ్. అక్టోబరు 2న పన్నెండేళ్ల జోనథన్. మరుసటి ఏడు ఆగస్టు 3న భర్త. మేరీ ఒక్కతే మిగిలింది.

ఇప్పుడు ఒక్క సంగతి గమనించండి. తండ్రి హాడ్‌ఫీల్డ్. పిల్లలు ఎడ్వర్డ్ కూపర్, జోనథన్ కూపర్. ఇంటిపేరు ఎందుకు మారింది? మేరీది మారుమనువు. మొదటి భర్త ఇంటిపేరు కూపర్. అంటే ఈ కథలోకి వచ్చేసరికే ఆవిడ ఒకసారి భర్తను పోగొట్టుకుని, ఇద్దరు మగపిల్లలతో కొత్త కాపురం మొదలుపెట్టింది. ఇవేవీ చావుల పుస్తకంలో ఎవరూ విడమరిచి రాయలేదు. అందులో ఉండేది పేరు, తేదీ, అంతే. రెండు ఇంటిపేర్లు ఒకే గడపలో కనిపించాయి కాబట్టి మనకు తెలిసింది. వంశవృక్షం వెతకడమంటే చాలావరకు ఇలాంటి పనే.

అన్నట్టు, హాడ్‌ఫీల్డ్ అనేది అదే జిల్లాలో ఒక ఊరి పేరు. ఊరి పేరే ఇంటిపేరు కావడం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే కదా.

ఈ పుస్తకాలు ఎలా పుట్టాయో క్లుప్తంగా చెబుతాను. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలోనూ బాప్తిస్మం, పెళ్లి, ఖననం రాసిపెట్టాలని ఆజ్ఞ ఇచ్చాడు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. 1837 జూలై 1 నుంచి ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది. ఇంటింటా పేర్లు రాసుకున్న జనాభా లెక్కలు 1841 నుంచి దొరుకుతాయి. కాబట్టి ఈనాటి మనిషి 1841 వరకు ఇట్టే వెళ్లిపోవచ్చు. అక్కడి నుంచి వెనక్కి దాదాపు మూడు వందల ఏళ్లు ప్రధానంగా చర్చి పుస్తకాలే దిక్కు. ఈమ్ పుస్తకాలు ఇప్పుడు మాట్‌లాక్ అనే ఊళ్లో, జిల్లా రికార్డుల కార్యాలయంలో ఉన్నాయి.

చదవడంలో ఒక ఉచ్చు ఉంది. నేనూ అందులో పడ్డాను. 1752 వరకు ఇంగ్లండులో ఏడాది మార్చి 25న మొదలయ్యేది. మన ఉగాది దరిదాపుల్లోనే అనుకోండి. అంటే పుస్తకంలో 1665 డిసెంబరు తరవాత వచ్చే జనవరి కూడా 1665 జనవరే. మన లెక్కలో అది 1666. ప్లేగు సరిగ్గా ఆ శీతాకాలం మీదుగా నడిచింది. ఈ సంగతి తెలియక మొదట్లో నేను రాసుకున్న పట్టికలో కొందరు జబ్బు రాకముందే పోయినట్టు తేలారు. పట్టిక మొత్తం కొట్టేసి మళ్లీ రాసుకున్నాను.

1666 జూన్‌లో ఊరు మూడు నిర్ణయాలు తీసుకుంది. శవాలను చర్చి ఆవరణకు తేకూడదు, ఎవరి వాళ్లను వాళ్లే దగ్గర్లో పూడ్చుకోవాలి. ప్రార్థనలు ఆరుబయట, కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో జరగాలి. ఎవరూ హద్దు దాటకూడదు. ఈమ్‌కూ పక్కనున్న స్టోనీ మిడిల్టన్‌కూ మధ్య పొలాల్లో ఒక బండ ఉంది. దాని మీద ఆరు గుంటలు. డబ్బులు ఆ గుంటల్లో వెనిగర్‌లో వేసి పెట్టేవారు. బయటివాళ్లు తిండి సరుకులు పెట్టి, ఆ డబ్బు తీసుకెళ్లేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక గుంటలో వేలు పెట్టి చూశాను. అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. వచ్చినవాళ్లందరూ నాలాగే వేలు పెట్టి చూస్తారు కాబోలు.

ఇక హాన్‌కాక్‌ల ఇల్లు. ఊరికి కాస్త అవతల, గుట్ట మీద. ఆగస్టు 3 నుంచి 10 వరకు, ఎనిమిది రోజుల్లో, ఎలిజబెత్ హాన్‌కాక్ భర్తను, ఆరుగురు పిల్లలను తన చేతులతో పూడ్చుకుంది. పొలం మధ్యలో గుండ్రటి రాతి గోడ, లోపల సమాధి రాళ్లు. రైలీ సమాధులంటారు. అందులో ఒక బిడ్డ పేరు ఆనర్. ఇంగ్లీషులో ఆ పేరుకు మొదట హెచ్ ఉండాలి, అక్కడ లేదు. పలికినట్టే రాశారు. పుస్తకాల భాషలో అది తప్పే. నాకు మాత్రం ఆ ఇంట్లో ఆ పిల్లను పిలిచిన పిలుపు ఆ స్పెల్లింగులోనే వినిపిస్తుంది. షెఫీల్డ్‌లో పని నేర్చుకోవడానికి వెళ్లిన ఒక కొడుకు బతికాడనీ, తరవాత ఆ తల్లి అతని దగ్గరికే వెళ్లిపోయిందనీ అక్కడివాళ్లు చెబుతారు.

అంతా ముగిశాక, 1666 నవంబరులో మోంపెస్సన్ ఒక ఉత్తరం రాశాడు. 76 ఇళ్లలో జబ్బు వచ్చిందని, 259 మంది పోయారని లెక్క చెప్పాడు. ఆయన భార్య కేథరిన్ కూడా ఆగస్టు 25న పోయింది. ఊళ్లో అప్పటికి 350 మందే ఉండేవారని చాలాకాలం చెప్పుకునేవారు. తరవాతివాళ్లు ఇంట్లోని పొయ్యిల లెక్కన వేసిన పొయ్యి పన్ను జాబితాలనూ చర్చి పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి లెక్క కడితే, దానికి రెట్టింపు మంది ఉండి ఉంటారని తేలింది. ఊరి పేరు నిలబెట్టే కథ కన్నా పన్ను జాబితా ఎక్కువ నిజం చెప్పింది. స్థానిక చరిత్రకారులంటే నాకు గౌరవం కలిగింది అక్కడే. అందరికీ నచ్చిన అంకెను వాళ్లు కాగితం చూసి మార్చుకున్నారు.

ఈ మనుషులు ఏం చేసి బతికేవారు? చాలామంది సీసం గనుల్లో. డెర్బీషైర్ సీసపు ప్రాంతంలో ఒక పాత ఆచారం ఉండేది. చర్చి స్థలం, ఇంటి తోటలు, రాజమార్గాలు వంటివి తప్ప ఎవరి నేలలోనైనా సీసం వెతుక్కునే హక్కు గని కూలీకి ఉంది. తగాదా వస్తే తీర్చడానికి బార్‌మోట్ అనే ప్రత్యేక న్యాయసభ ఉండేది. దొరికిన ఖనిజం కొలవడానికి 1513 నాటి కంచు కొలపాత్ర వర్క్స్‌వర్త్ ఊళ్లో ఇప్పటికీ ఉంది. మనలాంటివాళ్లకు ఇందులో లాభమేమిటంటే, ఏ గని ఎవరిదో ఆ సభలో రాసుకునేవారు. పెళ్లి, చావు తప్ప ఇంకెక్కడా కనిపించని మనిషి అక్కడ పొరుగువాడితో హద్దు గొడవ పడుతూ దొరుకుతాడు. పేదవాళ్ల కాగితాలూ అంతే. 1662 చట్టం ప్రకారం, ఆదుకోవాల్సి వస్తుందనుకున్న పేదవాణ్ని అతని సొంత ఊరికి పంపేయవచ్చు. అందుకోసం నువ్వెక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని చేశావు అని ప్రమాణం చేయించి రాసుకునేవారు. ఆ చట్టం కర్కశమైనది. కానీ చదువురాని కూలీ బతుకు కథ ఆ నాలుగు పంక్తుల్లోనే మిగిలింది.

కొన్ని వంశాలు డెర్బీషైర్‌లో ఉన్నట్టుండి తెగిపోతాయి. అలాంటప్పుడు మనవైపు కూడా చూడాలి. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చిల నుంచి బాప్తిస్మం, పెళ్లి, ఖననాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. 1698 నుంచి ఉన్నాయి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అక్కడి పల్లెలో బాప్తిస్మం ఉండి ఖననం కనిపించని కుర్రవాడు మచిలీపట్నంలోనో విశాఖపట్నంలోనో తేలవచ్చు.

ఈమ్ వంశాల మీద జన్యు పరీక్షలు కూడా జరిగాయి. ఆనాడు బతికి బయటపడ్డవాళ్ల సంతతిని చర్చి పుస్తకాల ద్వారా పట్టుకుని, ఒక జన్యు మార్పు వాళ్లను ప్లేగు నుంచి కాపాడిందేమో అని చూశారు. తరవాత ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఆ ఊహను బలపరచలేదు.

చివరగా, నేను ఇందులోకి ఎలా వచ్చానో చెబుతాను. షెఫీల్డ్‌లో మా పక్కింటి పెద్దావిడకు చూపు తగ్గింది. వాళ్ల పూర్వీకులు ఆ కొండల్లో సీసం గనుల్లో పనిచేసినవాళ్లు. జెరాక్స్ కాగితాలు తెచ్చి చదివి పెట్టమంది. వారానికి ఒక సాయంత్రం చదివేదాన్ని. తాను ఈమ్ వాళ్ల సంతానమని ఆవిడకు గట్టి నమ్మకం. మూడేళ్లు తిరిగాక, ఆ ఊళ్లో ప్లేగుకు ముందు బాప్తిస్మం పొందిన ఒక పిల్లవాణ్ని పట్టుకున్నాను. అదే పేరు, అదే ఇంటిపేరు, సరిపోయే వయసు. ఆవిడ పొంగిపోయింది. గోడకు తగిలించిన వంశవృక్షంలో నా చేతే అతని పేరు రాయించింది.

రెండు నెలల తరవాత 1666 ఆగస్టు పేజీ మళ్లీ చదువుతుంటే అదే పేరు కనిపించింది. తండ్రి పేరు కూడా అదే. ఆ పిల్లవాడు పెరగలేదు, పెళ్లి చేసుకోలేదు. ఈవిడ మూలపురుషుడు వేరే ఊరి నుంచి వచ్చిన అదే పేరుగల ఇంకొకడు. ఆ సాయంత్రం టీ తాగాక సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను చెరిపేద్దామని రబ్బరు తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాను.

"గీత చెరిపెయ్. పేరు ఉండనీ," అంది. "పక్కన చావు తేదీ రాయి."

రాశాను.