ఎపిసోడ్ 47: నాన్న ఫోనుకి 80 దగ్గర గీత గీసిందెవరు?

అక్క: రికార్డవుతోందా?

తమ్ముడు: అవుతోంది. ఎర్ర చుక్క వెలుగుతోంది చూడు.

అక్క: మొదటి ఎపిసోడ్‌కి కూడా వెలిగింది.

తమ్ముడు: మళ్ళీ మొదలెట్టకు. అందరికీ నమస్కారం. ఈ వారం ఫోన్ ఛార్జింగ్. రాత్రంతా పెట్టి వదిలేయొచ్చా, 20 శాతానికీ 80 శాతానికీ మధ్యే తిప్పాలా, ఫాస్ట్ ఛార్జర్ బ్యాటరీని తినేస్తుందా. వాయిస్ నోట్లు పంపినవాళ్ళందరికీ థాంక్స్. ఆ పదకొండు నిమిషాల నోటు పంపినాయనకి ప్రత్యేకంగా.

అక్క: పదకొండు నిమిషాలూ విన్నాను. చివర్లో అడిగారు, "ఛార్జింగ్ ఎక్కడం నెమ్మదించింది, బ్యాటరీ పోయినట్టేనా" అని. అయ్యా, ముందు పోర్టులోకి టార్చ్ వేసి చూడండి.

తమ్ముడు: వచ్చేసింది. ఇంకా రెండు నిమిషాలు కాలేదు, పోర్టు వచ్చేసింది.

అక్క: చెప్పొద్దా మరి? జేబులో వేసుకుని తిరుగుతాం. బట్టల నూగు లోపలికి చేరుతుంది. కేబుల్ గుచ్చిన ప్రతిసారీ అది ఇంకొంచెం లోపలికి అణుగుతుంది. కొన్నాళ్ళకి కేబుల్ చివరిదాకా దిగదు. మనం పాపం బ్యాటరీని తిట్టుకుంటాం. ఫోను ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకండి. సూదీ వద్దు, పిన్నీసూ వద్దు.

తమ్ముడు: సరే. ఇక అసలు విషయం. బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టాలా?

అక్క: అక్కర్లేదు.

తమ్ముడు: అంతేనా?

అక్క: ఇంకేం కావాలి? అది నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. వాటికి మెమరీ ఎఫెక్ట్ ఉండేది. ఎప్పుడూ సగంలోనే ఛార్జింగ్ పెడుతుంటే ఆ సగానికే అలవాటుపడిపోయేవి. ఇప్పుడు మన చేతుల్లో ఉన్నవి లిథియం-అయాన్. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చింది. బ్యాటరీ మారి ముప్పై ఏళ్ళు దాటింది, సలహా మాత్రం మారలేదు.

తమ్ముడు: ఆ బ్యాటరీకి 2019లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో, ముగ్గురికి. గుడ్‌ఇనఫ్ గారికి అప్పటికే 97 ఏళ్ళు.

అక్క: బ్యాటరీ హెల్త్ అంటే అదీ.

తమ్ముడు: నీ ఫోనుకి అందులో సగం కూడా లేదు.

అక్క: నా ఫోను జోలికి రాకు. తర్వాతి ప్రశ్న.

తమ్ముడు: 20-80. ఇది నాకిష్టమైన సంగతి. 100 చూపించేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ 4.2 వోల్టుల దాకా ఉంటుంది, కొత్త వాటిలో ఇంకాస్త పైనే. ఆ ఎత్తున లోపలి రసాయనాలకి కుదురుండదు. అక్కర్లేని చర్యలు జరుగుతుంటాయి, ఛార్జి మోయాల్సిన లిథియం కొంచెం కొంచెంగా చిక్కుకుపోతుంటుంది. ఎంతసేపు పైన ఉంచితే అంత అరుగుదల. 80 దగ్గర ఆపితే దానికి ఊపిరాడుతుంది. అందుకే నేను నాన్న ఫోనులో...

అక్క: ఆఁ. చెప్పు. ఆగిపోయావేం?

తమ్ముడు: ఇది ఎపిసోడ్‌లో వద్దనుకున్నాం.

అక్క: నువ్వనుకున్నావు. వినేవాళ్ళకి నాన్న సంగతి కొత్తేం కాదు. ఛార్జర్‌కి తగిలించి లేకపోతే ఆయన లెక్కలో అది ఫోనే కాదు. ల్యాండ్‌లైన్ మనిషి. కుర్చీ పక్కన ప్లగ్గు, ప్లగ్గుకి వైరు, వైరుకి ఫోను. ఎవరైనా చేస్తే మెడ వంచి మాట్లాడతాడు గానీ వైరు మాత్రం తీయడు.

తమ్ముడు: అందుకే కదా! రోజంతా 100 మీదే ఉంటోంది. నా పాత ఐఫోన్ 15 ఇచ్చాను కదా, అందులో 80 లిమిట్ పెట్టొచ్చు. పెట్టాను. అర నిమిషం పని.

అక్క: ఆయనకి చెప్పావా?

తమ్ముడు: చెబుదామనే అనుకున్నాను.

అక్క: వారం రోజులు! ఎంత పెట్టినా 80 దాటట్లేదని కేబుల్ మార్చాడు. ప్లగ్గు మార్చాడు. ఫోనుని బోర్లా పడుకోబెట్టి చూశాడు. ఆఖరికి కాగితం మీద రాయడం మొదలెట్టాడు. ఆ కాగితం నా దగ్గరుంది, చదువుతాను.

తమ్ముడు: అక్కా, ప్లీజ్.

అక్క: "సోమ ఉదయం 80. సోమ రాత్రి 80. మంగళ ఉదయం 80, వైరు మార్చితిని. బుధ 80." ఇక్కడ వినండి. "గురు రాత్రి 100." దాని పక్కన చిన్నగా, "నయమైంది".

తమ్ముడు: (నవ్వు ఆపుకుంటూ) అది... లిమిట్ పెట్టినా అది అప్పుడప్పుడు 100 దాకా ఎక్కించుకుంటుంది. లేకపోతే పర్సెంట్ లెక్క తప్పుతుంది. బ్యాటరీలో ఎంతుందో నేరుగా చూసే దారి లేదు, వచ్చిందీ పోయిందీ కూడుకుని అంచనా వేస్తుంది.

అక్క: ఆ వివరం గురువారం రాత్రి ఆయనకి చెప్పుంటే బాగుండేది. "శుక్ర ఉదయం 80." దాని కింద ఏమీ లేదు. పెన్ను కిందపెట్టేశాడు.

తమ్ముడు: నువ్విలా చదువుతుంటే నేనేదో నేరం చేసినట్టుంది.

అక్క: ఆ వారంలో జరిగిన మంచి ఒక్కటే. శనివారం నేనెళ్ళి పోర్టు చూశాను.

తమ్ముడు: రెండోసారి. లెక్కపెడుతున్నాను.

అక్క: తెల్ల కాగితం పరిచి గీకాను. అగ్గిపుల్ల తలంత ఉండ వచ్చింది. బూడిద రంగు, గట్టిగా అట్టలా ఉంది. గోరుతో విప్పితే మధ్యలో ఒక నీలం దారప్పోగు. నాన్న స్వెటర్‌ది. ఆ స్వెటర్ చిరిగి పారేసి ఎన్నాళ్ళయింది?

తమ్ముడు: ఆగాగు. ఫోను నాది కదా అంతకుముందు. స్వెటర్ నేనే వేసుకునేవాణ్ణి.

అక్క: అంటే నూగు నీదే, 80 కూడా నీదే.

తమ్ముడు: సరే, నవ్వుకున్నాం. కానీ పద్ధతి తప్పంటావా? ఐఫోన్ 14 దాకా 500 సైకిళ్ళ తర్వాత బ్యాటరీ సామర్థ్యం 80 శాతం మిగిలేలా చేశామనేవాళ్ళు ఆపిల్ వాళ్ళు, 15 నుంచి 1000 సైకిళ్ళంటున్నారు. సైకిల్ అంటే వైరు తగిలించిన లెక్క కాదు, మొత్తం కలిపి 100 వాడితే ఒకటి. ఇవాళ 50, రేపు 50, కలిపి ఒక్కటి. నాన్న వైరు తీయనే తీయడు, ఆయనకి సైకిళ్ళెక్కడివి? ఆ బ్యాటరీకి వాడకం వల్ల ముప్పు లేదు, నిండుగా, వేడిగా కూర్చోబెట్టడం వల్లే.

అక్క: వేడి అన్నావు కదా. ఆ కుర్చీ ఎక్కడుంది?

తమ్ముడు: కిటికీ పక్కన.

అక్క: మధ్యాహ్నం ఎండ ఎక్కడ పడుతుంది?

తమ్ముడు: ...

అక్క: 35 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని తయారుచేసినవాళ్ళే చెబుతారు. ఆ కిటికీ గట్టు మీద చెయ్యి పెడితే కాలుతుంది. నువ్వు సెట్టింగ్స్‌లోకెళ్ళి గీత గీశావు గానీ కుర్చీ జరపలేదు. కర్టెన్ వెయ్యలేదు. నేనెళ్ళి వేశాను.

తమ్ముడు: అది... సరే. అది నాకు తట్టలేదు.

అక్క: తట్టదు. కుర్చీకి సెట్టింగ్స్ ఉండవు కదా.

తమ్ముడు: కాసేపు వదిలేయవే.

అక్క: ఒక్కటి చెప్పి వదిలేస్తాను, ఇది నీకూ తెలీదు. శుక్రవారం నాన్న బయటికెళ్ళాడు. బ్యాటరీ చెడిపోయిందని నమ్మాడు కదా, మధ్యలో అయిపోతుందని భయపడి ఫోను ఆఫ్ చేసుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను తొమ్మిదిసార్లు చేశాను. రెండు గంటలు. ఎవరికి చేయాలో, ఎక్కడ వెతకాలో తెలీలేదు.

తమ్ముడు: నాకెందుకు చేయలేదు?

అక్క: చేశాను. నీ ఫోను ఎక్కడో మూల 80 దగ్గర ప్రశాంతంగా ఉంది. నువ్వు దాని దగ్గర లేవు.

(కాసేపు నిశ్శబ్దం)

తమ్ముడు: నాతో ఈ మాట అనలేదు నువ్వు.

అక్క: ఇప్పుడన్నాను.

తమ్ముడు: ఇది కట్ చేద్దామా?

అక్క: ఉంచు. పర్సెంట్లు కాపాడే వాళ్ళు చాలామంది వింటారు.

తమ్ముడు: సారీ అక్కా. నిజంగా.

అక్క: సర్లే. ఇప్పుడెంత పెట్టాం, అది చెప్పు.

తమ్ముడు: 95. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 నుంచి 80, 85, 90 అలా ఎంచుకోవచ్చు. ఈసారి పక్కన కూర్చోబెట్టి అంతా చూపించాను. మొత్తం విని, "సరే, ఆ మిగతా అయిదు ఎవరికిస్తున్నావు?" అన్నాడు.

అక్క: (నవ్వు) నాతో కూడా అన్నాడు. వాడేదో దాచుకుంటున్నాడు అని.

తమ్ముడు: మిగతా ప్రశ్నలు గబగబా కానిచ్చేద్దాం. రాత్రంతా పెట్టి పడుకోవచ్చా?

అక్క: పెట్టుకోవచ్చు, నిండాక ఫోనే ఆపేస్తుంది. దిండు కింద మాత్రం పెట్టొద్దు, వేడి పోయే దారుండదు. పొద్దున లేచే టైము కనిపెట్టి చివరి 20 శాతాన్ని అప్పటిదాకా ఆపి ఉంచే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది, ఆన్ చేసుకోండి. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి వైరు తీసేవాళ్ళున్నారు. బ్యాటరీ మార్చొచ్చండీ, నిద్ర మార్చలేం.

తమ్ముడు: ఆ అలారం ఆవిడ మనకి రెండో సీజన్ నుంచి తెలుసు. ఫాస్ట్ ఛార్జర్?

అక్క: భయం అక్కర్లేదు. ఎంత కావాలో ఫోనే అడుగుతుంది, ఛార్జర్ అంతే ఇస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తగిలించినా బలవంతంగా తోసెయ్యదు. వేగం కూడా మొదట్లోనే, 80 దాటాక కావాలనే నెమ్మదిస్తుంది. అయినా మొదటినుంచీ నెమ్మదిగానే ఎక్కుతోందంటే మాత్రం...

తమ్ముడు: పోర్టు.

అక్క: నేననలేదు, నువ్వే అన్నావు.

తమ్ముడు: వైర్‌లెస్ ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది, కవరు మందంగా ఉంటే తీసేయండి. ఛార్జింగ్‌లో పెట్టి గేములాడొద్దు, రెండు వేడులూ కలుస్తాయి. వెనకున్న యాప్‌లు తుడిచేస్తే బ్యాటరీ మిగలదు, మళ్ళీ తెరవడానికే ఎక్కువ తింటాయి. ఇంకోటి, యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికొచ్చే కొత్త ఫోన్ల బ్యాటరీలకి 800 సైకిళ్ళ తర్వాత కూడా 80 శాతం మిగలాలని రూలు పెట్టారు. ఇంకేమైనా ఉన్నాయా?

అక్క: మొహం అలా పెట్టావేంటి?

తమ్ముడు: ఏం లేదు. పొద్దున ఈ ఎపిసోడ్ కోసం డ్రాయర్ తెరిచాను. పాత ఫోన్లలో హెల్త్ ఎంతుందో చూసి చదువుదామని. అందులో ఆ నల్ల ఫోనుంది.

అక్క: ఏ నల్ల ఫోను? అదా?

తమ్ముడు: అదే. వెనక అద్దం లేచింది. సందులో గోరు దూరుతుంది. టేబుల్ మీద పెడితే ఊయలలా ఊగుతోంది.

అక్క: ఛార్జింగ్ పెట్టావా?

తమ్ముడు: వైరు చేతిలోకి తీసుకున్నాను...

అక్క: ఒరేయ్!

తమ్ముడు: పెట్టలేదు, పెట్టలేదు. ఊగేసరికి ఆగాను.

అక్క: ఇది సరదాగా చెప్పట్లేదు, వినండి. బ్యాటరీ ఉబ్బిందంటే లోపల గ్యాసు చేరిందని అర్థం. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కి మూయాలని చూడొద్దు, గుచ్చొద్దు. అంటుకునే వస్తువులకి దూరంగా పెట్టి, బ్యాటరీలు మార్చే పని తెలిసినవాళ్ళకి అప్పజెప్పండి. చెత్తబుట్టలో వేయొద్దు. నిండుగా ఛార్జి చేసి దాచావా దాన్ని?

తమ్ముడు: నిండుగానే. మళ్ళీ కావాల్సి వస్తుందని.

అక్క: దాచేటప్పుడు సగం ఉంచి ఆఫ్ చేయాలి. నిండుగానూ కాదు, ఖాళీగానూ కాదు. ఆరు నెలలకోసారి తీసి మళ్ళీ సగానికి తేవాలి.

తమ్ముడు: పోర్టు గురించి అనలేదేం?

అక్క: ఇప్పుడు కాదు.

తమ్ముడు: మొదటి ఎపిసోడ్ అందులోనే ఉందక్కా.

అక్క: తెలుసు.

తమ్ముడు: వేరే బ్యాటరీ వేస్తే ఫోను లేవొచ్చు. లేస్తే వింటావా?

అక్క: పోయిందని అందరికీ చెప్పాం కదరా.

తమ్ముడు: నేను చెప్పాను. నువ్వు తలూపావు.

అక్క: తలూపింది వినిపించదు కదా పాడ్‌కాస్ట్‌లో. (నవ్వు) నా గొంతు అప్పుడెలా ఉండేదో. సరే, ముందు సురక్షితంగా తీయించు, తర్వాత చూద్దాం. ఎక్కడ పెట్టావు?

తమ్ముడు: ఇంట్లో లేదులే. బాల్కనీలో, గచ్చు మీద. చుట్టూ ఏమీ లేకుండా పెట్టాను.

అక్క: ఎండ పడదు కదా?

తమ్ముడు: పొద్దున నీడే ఉంది... ఇప్పుడు టైమెంత?

అక్క: లే. ముందు లే.

(కుర్చీ జరిగిన చప్పుడు)