సెప్టెంబరు 17: ఫ్లెక్సీ మీద ఏం రాయాలె?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పత్తి చేన్ల పని వదులుకొని వచ్చిన మీకందరికి నమస్కారం.

మొన్న ఈ సభకు బ్యానర్ కొట్టియ్యడానికి నల్లగొండల గడియారం సెంటర్ దగ్గరి ఒక ఫ్లెక్సీ షాపుకు పోయిన. కంప్యూటర్ ముందు కూసున్న పిలగానికి ఇరవై ఏండ్లుంటయేమో. నేను నోరు తెరవకముందే "సెప్టెంబరు 17దేనా సార్?" అన్నడు. ఒక ఫోల్డర్ తెరిచి చూపిచ్చిండు. అన్నిట్ల అదే జెండా, అదే చార్మినార్, కింద ఫొటోల కోసం వదిలిన గుండ్రాలు. మీది అక్షరాలే వేరు. విమోచన. విలీనం. సమైక్యత. ప్రజాపాలన. సాయుధ పోరాట వారోత్సవం. ఒక మూలకు విద్రోహం కూడ ఉన్నది. "ఏది కొట్టమంటరు?" అన్నడు. "తారీఖు ఒక్కటే కొట్టు" అన్న. "మధ్యల అంత జాగ ఖాళీగ కనబడ్తది సార్" అన్నడు.

ఇగో, నా వెనుక ఉన్నది అదే బ్యానర్. 1948ల నిజాం తుపాకులు ఆగిన ఆ రోజుకు ఏం పేరు పెట్టాలె అన్న ఆ ఖాళీ జాగ గురించే ఇయ్యాల మాట్లాడుత.

ముందుగాల ఆ నాలుగైదు రోజులు ఏం జరిగిందో చెప్పుకుందాం. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం హైదరాబాద్ సంస్థానం సరిహద్దు దాటింది. సైన్యం లోపల పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో, లోకానికి చెప్పింది పోలీసు చర్య. ఇది ఇంటి గొడవ, బయటోళ్లకు పని లేదు అని ఆ మాటలనే ఉన్నది. పేర్ల రాజకీయం ఇయ్యాల మొదలు కాలేదు, యుద్ధంతోటే మొదలైంది. 17న నిజాం ప్రధానమంత్రి లాయక్ అలీ మంత్రివర్గం దిగిపోయింది, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోల కాల్పుల విరమణ ప్రకటించిండు. ఆయన సైన్యాధిపతి ఎల్ ఇద్రూస్, యూనియన్ సైన్యం నడిపిన జనరల్ చౌధురికి లొంగిపోయింది మాత్రం తెల్లారి, 18న. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటున్నట్టు నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరుల. 1950 జనవరి 26 నుంచి ఆయన్నే రాజప్రముఖ్, అంటే గవర్నర్ లెక్క రాష్ట్రానికి పెద్ద, చేసిండ్రు, 1956 దాక ఆ కుర్చీల ఉన్నడు. నిజాం నాటి హాలీ సిక్కా రూపాయి ఇంకొన్నేండ్లు సంతల చెల్లింది. కాయితాల లెక్కన చూస్తే 17న జరిగింది తుపాకులు ఆగుడు. నాకు విలీనం అన్న మాట మీదనే కొంత మొగ్గు, దాయను. కానీ దానికి కూడ ఈ తారీఖు సరిగ్గ అతకది.

పొద్దున నేను ఆటో దిగంగనే గేటు కాడ ఒక పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నది. "పదిహేడు కాదు బిడ్డా, మా ఊరికి కబురు మూడొద్దులకు గాని రాలే" అన్నది. ఇగో, ముందు వరుసల కూసున్నది.

మా నాయినమ్మది సూర్యాపేట దిక్కు ఊరు. ఆమెకు తారీఖులు తెల్వయి. దొర ఉండే గడిల దీపం లెక్కన చెప్పేది. సంఘం, అంటే కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ, ఊళ్లెకు వచ్చినంక దొర పట్నం పోయిండు, గడిల దీపం ఆరింది. ఏడాది దాటి అట్లనే చీకటి. వెట్టి బందైంది. సంఘం పంచిన భూమిల ఆమె తండ్రికి కూడ ఇంత చెలక వచ్చింది, జొన్న పోసిండ్రు. మిలిటరీ వచ్చిందని తెలిసిన నాడు ఊరంత బెల్లం పంచిండ్రట, నిజాం కొమ్ముగాసిన రజాకార్ల పీడ పోయిందని. ఆ సంబురం అబద్ధం కాదు. "మరి తర్వాత?" అంటే, "జొన్న కోతలకాడికి గడిల మళ్ల దీపం పెట్టిండ్రు" అనేది. అంతే. దొర నెత్తి మీద తెల్ల టోపీ కొత్తగ వచ్చిందని చెప్పి నవ్వేది. ఖద్దరు కట్టి, గాంధీ టోపీ పెట్టుకొని దేశ్‌ముఖులు మళ్ల ఊళ్లెకు దిగుడు ఈ జిల్లాల చానా ఊర్ల ముసలోళ్లు చెప్పే ముచ్చటే.

ఆ ఊరి నడుమ ఎర్ర రంగేసిన అమరవీరుల స్తూపం ఉన్నది. రంగు పెచ్చులూడింది, దాని నీడల ఇప్పుడు ఆటోలు ఆపుతున్నరు. పోయిన నెల గుడ్డతోటి తుడిచి పేర్లు చదివిన. సగానికి పైన పేర్ల పక్కన 1949, 1950 అని ఉన్నది. విమోచన దినం అని బ్యానర్ కట్టేటోళ్లను నేను అడిగేది ఇదొక్కటే: విమోచన అయినంక ఏడాదికి, రెండేండ్లకు చనిపోయిన ఈ మనుషులు ఎవల చేతుల చనిపోయిండ్రు? నిజాం అప్పటికే లొంగిపోయిండు గద. సైన్యం వచ్చింది రజాకార్ల మీదికి, ఆగింది మాత్రం సంఘపోళ్ల మీద. దళాలు కృష్ణ ఒడ్డు పట్టుకొని నల్లమలకు పోయినయి. పోరాటం ఆపుతున్నమని కమ్యూనిస్టు పార్టీ చెప్పింది 1951 అక్టోబరుల. తెల్లారి సంవత్సరం ఎన్నికలల్ల పార్టీ మీద నిషేధం ఉండంగనే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరు మీద నిలబడ్డ రావి నారాయణరెడ్డికి ఈ నల్లగొండ, నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లేసింది. సెప్టెంబరు 17 గురించి ఈ జిల్లా ఏమనుకున్నదో ఆ పెట్టెలల్ల ఉన్నది.

అట్లని విమోచన అనేటోళ్లను నేను ఎగతాళి చెయ్యను. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ మూకలు కాల్చిన ఇండ్లు, బైరాన్‌పల్లిల 1948 ఆగస్టుల వరుసగ నిలబెట్టి కాల్చిన మనుషులు కథలు కాదు. ఆ ఇంటోళ్ల మనుమడు వచ్చి "మాకు అది విమోచనే" అంటే ఎదురు చెప్పే నోరు నాకు లేదు. మహారాష్ట్రల మరాఠ్వాడా ముక్తి సంగ్రామ్ దినమని, కర్ణాటకల కూడ సర్కారు తరఫున జెండా ఎగరేస్తున్నరు, మనకెందుకు వద్దు అని అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే, సమైక్య రాష్ట్రంల ఏ ముఖ్యమంత్రీ దానికి సక్కని జవాబు చెప్పలే.

నాకు బాధ ఎక్కడంటే, ఆ మాటను హిందువులకు ముస్లిం రాజు నుంచి విడుదల అని సదివిచ్చుడు. విసునూరు దేశ్‌ముఖు ఎవరు? హిందూ దొరనే గద. దొడ్డి కొమురయ్యను 1946 జులై 4న కడవెండిల కాల్చింది ఎవల గూండాలు? చాకలి ఐలమ్మ పంట మీదికి వచ్చింది ఎవలు? అదే దేశ్‌ముఖు మీద కోర్టుల కొట్లాడి ప్రాణం ఇచ్చినోడు షేక్ బందగీ. సాయుధ పోరుకు పిలుపు ఇచ్చిన ముగ్గురిల కవి మఖ్దూం మొహియుద్దీన్ ఒకడు. రజాకార్లకు ఎదురు రాసినందుకు పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ చెయ్యి నరికి చంపిండ్రు.

ఇంకో సంగతి మన సభలల్ల మెల్లగ చెప్తరు, నేను గట్టిగనే చెప్త. పోలీసు చర్య అయినంక సంస్థానంల ముస్లింల మీద జరిగిన హత్యల మీద నెహ్రూనే పండిత్ సుందర్‌లాల్ కమిటీని పంపిండు. తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయిండ్రని ఆ కమిటీ అంచనా. ఎక్కువ ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ దిక్కు జరిగింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానియ్యలే. జెండా పండుగ అని పిలిచినప్పుడు ఆ ఇండ్ల పిల్లలు ఎక్కడ నిలబడాలె? నల్లగొండ పాత బస్తీల నాకు చదువు చెప్పిన ఉర్దూ సారు ఆ రోజు తలుపు దగ్గరికి వేసుకునేటోడు. ఎందుకని నేను ఎన్నడూ అడగలే, ఇప్పుడు అడుగుదామంటే సారు లేడు.

పాలమూరోళ్లు కూడ వచ్చిండ్రు సభకు. మీ తానికి వస్తే ముచ్చటే వేరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు, నది దాటితే కర్నూలు. అక్కడ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహాలు, ఆర్యసమాజం, అప్పంపల్లి కాల్పులు. పాలమూరు తాత చెప్పే 17, నల్లగొండ అవ్వ చెప్పే 17 ఒక్కటి కాదు, నడుమ డిండి వాగే ఉన్నా.

ఇగ ఇటీవలి ముచ్చట మీకు తెలిసిందే. 2022ల కేంద్రం పరేడ్ గ్రౌండ్‌ల విమోచన అన్నది, అదే పొద్దున రాష్ట్రం జాతీయ సమైక్యత అన్నది. 2024 మార్చిల ఏటా విమోచన దినం జరపాలని కేంద్రం గెజిట్ ఇచ్చింది, ఆ సెప్టెంబరుల కొత్త రాష్ట్ర సర్కారు ప్రజాపాలన దినోత్సవం అన్నది. జెండా ఒకటే, కర్రలు రెండు. కలెక్టరేట్ల పనిచేసే నా శిష్యుడొకడు "ఆహ్వానపత్రిక అచ్చేసుడు మాకు పరీక్ష లెక్కనే సార్" అన్నడు.

నన్ను అడిగితే, పేరు మీద పంచాయితీ బంద్ పెట్టమని నేననను, నడవనియ్యండ్రి. ఒక పని మాత్రం ఏ గెజిట్ లేకున్నా చెయ్యొచ్చు. ఆ రోజు జెండా ఎగరేసినంక, పట్నం నుంచి వచ్చిన సందేశం చదివే పది నిమిషాలల్ల, స్తూపం మీద పేర్లు తారీఖులతో సహా చదువుండ్రి. స్తూపం లేని ఊర్ల, 1948 నుంచి 51 దాక ఆ మూడేండ్లు ఊళ్లె ఏమైందో ముసలోళ్లను అడిగి రాసుకోండ్రి. గడి ఎన్నడు ఖాళీ అయింది, మళ్ల ఎన్నడు నిండింది, పంచిన భూమి ఎవల పేరు మీదికి పోయింది, ఏ ఇంటోళ్లు ఊరిడిచి పోయిండ్రు. ఆ రోజులు కండ్లార చూసినోళ్లు ఊరికొకరు మిగిలితే ఎక్కువ.

నాకు ఇచ్చిన టైము అయిపోయింది, అధ్యక్షులు గడియారం చూస్తున్నరు. ఆ పెద్దమ్మకు కబురు మూడొద్దులకు వచ్చిందన్నది గద, ఎవలు తెచ్చిండ్రో, ఊళ్లె ఏమనుకున్నరో నాకు ఇంకా చెప్పలే. మైకు తీగె అక్కడిదాక అందుతదా చూడు తమ్మీ. కొంచెం దగ్గరికి పెట్టు, మెల్లగ మాట్లాడుతది.