డేగా, ఆచారమా? యొరుబా పాట వినే ముందు

[హార్మోనియం మీద స, గ. కొంచెం ఆగి స, స.]

నమస్కారం. ఇప్పుడు మీరు విన్నవి రాగం ముక్కలు కావు, రెండు మాటలు. మొదటిది డేగ. రెండోది ఆచారం.

నైజీరియా నైరుతి ప్రాంతంలో, పక్కనే ఉన్న బెనిన్‌లో, టోగోలో కోట్ల మంది మాట్లాడే యొరుబాలో ఈ రెండు మాటలకూ అక్షరాలు ఒకటే: అ, షా. మొదటి అక్షరం కింది స్థాయిలో పలికి రెండోదాన్ని పైకి లేపితే డేగ ఎగురుతుంది. రెండూ కిందే ఉంచితే తాతముత్తాతల ఆచారం అవుతుంది.

ఈ డేగనే తన పేరుగా పెట్టుకున్న గాయని అషా. అసలు పేరు బుకోలా ఎలెమిదే. 1982లో పారిస్‌లో పుట్టి, లేగోస్‌లో పెరిగింది. తన పేరుతోనే 2007లో వచ్చిన ఆమె తొలి ఆల్బమ్‌లో ఇంగ్లీషు పాటలు, యొరుబా పాటలు కలిసి ఉంటాయి. మరుసటి ఏడాది ఫ్రాన్సులో దానికి కాన్‌స్టాంటిన్ బహుమతి వచ్చింది. ఆ ఆల్బమ్‌ను ఎవరికి వినిపించినా, "ఎంత ఆర్ద్రంగా ఉంది! భాష తెలియకపోతేనేం, సంగీతానికి భాష లేదు కదా" అంటారు. ఆర్ద్రత మాట నిజమే. రెండో మాట దగ్గరే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. యొరుబాలో పాటకు భాష ఉండటం మాత్రమే కాదు, భాషకే పాట ఉంది.

[మళ్ళీ హార్మోనియం.]

తెలుగులో "అమ్మా" అని మంద్రంలో పిలిచినా, తారస్థాయిలో పిలిచినా అమ్మే. కోపం, ప్రేమ, భయం మారతాయేమో గాని అర్థం మారదు. మనం జాగ్రత్తపడేది హ్రస్వదీర్ఘాల దగ్గర. "కలం" అన్న మాటలో మొదటి అక్షరాన్ని గాయకుడు సాగదీస్తే "కాలం" అయి కూర్చుంటుంది. పద్యం రాసేవారు గురులఘువులకు ఎంత కట్టుబడి ఉంటారో మీకు తెలుసు. అలాంటి కట్టుబాటే యొరుబాలో స్థాయికి ఉంది. అక్కడ మూడు స్థాయిలు: కిందిది, నడిమిది, పైది. పిల్లలకు నేర్పేటప్పుడు డో, రే, మీ అని చెబుతారు. మనం స, రి, గ అనుకుందాం. నిజానికి ఇవి కచ్చితమైన శ్రుతులు కావు. ఎవరి గొంతులో వారికి ఎత్తుపల్లాలు ఉంటాయి, ముందూ వెనుకా ఉన్న మాటలతో పోలిస్తేనే అవి తెలుస్తాయి. అయినా చెవికి దారి చూపడానికి స, రి, గ చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ. రెండే అక్షరాలు: ఒ, కొ.

[హార్మోనియం: రి రి.] భర్త.
[రి గ.] పొలంలో వాడే పార.
[రి స.] బండి. పడవ అన్నా ఇదే.
[స స.] ఈటె.

మరోసారి వినండి. రి రి, రి గ, రి స, స స. నాలుగు మాటలు, నాలుగు వరసలు. ఇప్పుడు మీరు పాట కడుతున్నారనుకోండి. భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలి పాట. చరణం చివర ఆ మాట వస్తుంది. మీ వరస అక్కడ హాయిగా పైకి ఎగసింది. అంతే, ఆమె పార కోసం ఎదురుచూస్తోంది. వరస కిందికి దించారా, బండి కోసం.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. 19వ శతాబ్దంలో క్రైస్తవ కీర్తనలను యొరుబాలోకి అనువదించి, పాత ఇంగ్లీషు బాణీల్లోనే పాడించారు. బాణీ తన దారిన పైకి పోయేది, మాట తన దారిన కిందికి రావాలనేది. ప్రార్థనలో అర్థాలు చెదిరిపోయేవి. లేగోస్‌లోని క్రైస్ట్ కెథీడ్రల్‌లో 1914 నుంచి 1962 దాకా ఆర్గన్ వాయించిన ఎకుందాయో ఫిలిప్స్‌ను ఈ చిక్కు వదల్లేదు. మాట స్థాయిని అనుసరించి బాణీ కట్టాలని పట్టుబట్టి, అలాగే కట్టి చూపించాడు. నాకు ఆయన మీద ఎంతో గౌరవం. పాడేవారి నోట్లో మాట మాటగా నిలవాలన్న తపన అది.

ఇదే లక్షణం వల్ల అక్కడ డప్పు కూడా మాట్లాడుతుంది. దుందున్ అనే వాద్యం డమరుకంలా నడుము సన్నంగా ఉంటుంది. చంకలో పెట్టుకుని పక్క తాళ్ళను నొక్కితే నాదం పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. "రి రి" అని మాత్రమే వాయిస్తే భర్త అనే తోచాలని లేదు, ఆ వరసతో మాటలు ఎన్నో ఉన్నాయి. అందుకే వాద్యకారుడు ఒక్క మాటతో ఆగడు. సామెతో, వంశాన్ని పొగిడే ఒరికీయో మొత్తంగా వాయిస్తాడు. తెలిసినవారి చెవిలో మాటలు వాటంతటవే వచ్చి చేరతాయి.

ఇక అషా దగ్గరికి. ఆమె చిన్నతనంలో ఇంట్లో తండ్రి రికార్డులు మోగేవి. అమెరికా సోల్ గాయకులు మార్విన్ గే, అరీతా ఫ్రాంక్లిన్ ఒకవైపు. నైజీరియా సంగీతకారులు ఫెలా కూటీ, కింగ్ సన్నీ అడే, ఎబెనెజర్ ఒబే మరోవైపు. అమెరికా నల్లజాతి చర్చిపాటల్లోంచి పుట్టిన సోల్ గానానికి ప్రాణం జారుడులో ఉంది. ఒక్క అక్షరాన్ని పట్టుకుని ఐదారు స్వరాల మీద తిప్పడం. మన గమకానికి దగ్గరి చుట్టమే. కానీ మన "రి రి" భర్తను గుర్తు తెచ్చుకోండి. రెండో అక్షరాన్ని పైకి జార్చారా, చేతికి పార వచ్చేస్తుంది! ఇంగ్లీషులో ఎక్కడైనా జారవచ్చు, యొరుబాలో ఎక్కడ జారాలో మాటను అడగాలి. అషా యొరుబాలో పాడేటప్పుడు గొంతు తేలికపడి, దగ్గర కూర్చుని చెబుతున్నట్టు అనిపిస్తుంది నాకు. ఆ ఆర్ద్రతలో కొంత ఈ అణకువలోంచే వచ్చిందని నా నమ్మకం.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెబుతాను. ఒకటి, పాట మాటను అడుగడుగునా అనుకరించదు. వరస ఎక్కుతోందా దిగుతోందా అన్నది కలిస్తే చాలాసార్లు సరిపోతుంది, సందర్భం మిగతాది చూసుకుంటుంది. రెండు, కవులు కావాలని తప్పుతారు కూడా, శ్లేష కోసం. జూజూ, ఫూజీ అనే శైలుల గురించి అసలు మాట్లాడనే లేదు. రంజాన్ నెలలో తెల్లవారుజామున జనాన్ని లేపే పాటల్లోంచి ఫూజీ ఎలా పుట్టిందో చెప్పాలంటే ఇంకో వీడియో కావాలి. చేస్తాను.

ఆ 2007 ఆల్బమ్‌లో "ఎయె అదబా" అనే పాట ఉంది. ఎయె అంటే పక్షి, అదబా అంటే పావురం. మాట్లాడేటప్పుడు దాని వరస ఇది.

[హార్మోనియం: రి రి, స స స.]

ముందు దీన్ని మీరే నాలుగైదు సార్లు పలకండి. తర్వాత పాట పెట్టుకుని, ఆమె ఆ రెండు మాటలను ఏ స్వరాల మీద నిలిపిందో హార్మోనియం మీద వెతకండి.

[రి రి, స స స.]