తొట్లకొండ ఎక్కకుండా విశాఖ చూశామనకండి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న నా పాత విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించండి.

విశాఖలో చూడదగ్గ ప్రదేశాల గురించి మాట్లాడమన్నారు. ఇంటికి చుట్టాలొస్తే మనం ఏం చూపిస్తాం? పొద్దున్నే సింహాద్రి అప్పన్న దర్శనం, సాయంత్రం కైలాసగిరి, తర్వాత ఆర్కే బీచ్‌లో కురుసుర. 1969 నుంచి 31 ఏళ్ళు నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి అది. ఇవన్నీ చూడాల్సినవే, కాదనను. మరి తొట్లకొండ? ఈ హాల్లో ఎంతమంది ఎక్కారు, చేతులెత్తండి. చూశారా!

పాత బౌద్ధ ఆరామం ఉన్న కొండ అది. భీమిలి రోడ్డులో మంగమారిపేట దగ్గర, సముద్రానికి ఎదురుగా ఉంది. 1976లో నౌకాదళం విమానం మీంచి సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి కొన్నేళ్ళ పాటు పురావస్తు శాఖ తవ్వింది. స్తూపాలు, భిక్షువుల గదులు, భోజనశాల, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రోము డబ్బు మన మంగమారిపేట కొండ మీద! వాన నీళ్ళు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. కొండకు ఆ పేరు వాటివల్లే వచ్చింది. రెండు వేల ఏళ్ళ కిందట నీళ్ళు దాచుకోవడం తెలిసినవాళ్ళు ఇక్కడ బతికారమ్మా. మనం ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నాం.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళాను. ఒక కుర్రాడు భిక్షువు గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని, "సార్, నా కాళ్ళు గోడకి తగులుతున్నాయి, ఆయన ఎలా పడుకునేవాడు?" అన్నాడు. నేను నెల రోజులు చెప్పిన పాఠం వాడికి ఆ ఒక్క నిమిషంలో అర్థమైంది.

అదే రోజు పక్కనే ఒకాయన తాళం చెవితో ఇటుక మీద పేరు చెక్కుతున్నాడు. వద్దు బాబూ అన్నాను. "ఈ కొండ నీదా పెద్దాయనా?" అన్నాడు. నాదే అన్నాను. ఇప్పుడూ అదే అంటాను, నాదే. మీది కూడా. 2019 వానలకి అక్కడి మహాస్తూపం కూలిందని విన్న రోజు నాకు అన్నం సయించలేదు. వానని ఆపలేం గానీ, తాళం చెవి పట్టుకున్న చేతిని ఆపగలం కదండీ.

పాతబస్తీ గురించి, బొజ్జన్నకొండ గురించి కూడా రాసుకొచ్చాను. టైం అయిపోయిందని అధ్యక్షులు చూస్తున్నారు, వదిలేస్తాను. ఒక్కటే అడుగుతున్నాను. తొట్లకొండ ఎక్కడానికి వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర ఉంటాను. మంచినీళ్ళు, టోపీ తెచ్చుకోండి, పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. వచ్చేవాళ్ళు చేతులెత్తండి. వెనక వరస సరిగా కనబడటం లేదు, కాస్త పైకెత్తండమ్మా.