కొత్తవి రాస్తారు, పాతవి కొట్టేయరు

(స్టూడియో చర్చ. యాంకర్‌తో పాటు విశ్రాంత వరి శాస్త్రవేత్త, పరిశోధన సంస్థల ప్రణాళికా విభాగంలో పనిచేసిన అధికారి, ఒక మహిళా రైతు)

యాంకర్: నమస్కారం. భారత వ్యవసాయ పరిశోధన మండలి, అదే ఐసీఏఆర్, 1929లో మొదలైంది. ఇప్పుడు దాని కింద వందకు పైగా సంస్థలు, 731 కృషి విజ్ఞాన కేంద్రాలు. ముందుచూపు ప్రణాళికలుగా విజన్ 2030 అయింది, విజన్ 2050 కూడా వచ్చింది. సార్, ఆ పత్రాలు మీ బల్ల దాకా వచ్చేవా?

శాస్త్రవేత్త: రావడమేంటండీ, మాతోనే రాయించేవారు! ప్రతి సంస్థా తన వంతు రాసింది. రాయడంలో మాకేం లోటు లేదు. కొట్టేయడమే చేతకాదు. పాత పని ఒక్కటీ ఆగదు, దాని మీదే కొత్త పని వచ్చి కూర్చుంటుంది.

యాంకర్: ఆగకపోతే నష్టమేంటి?

శాస్త్రవేత్త: కాలం చాలదమ్మా. రెండు వరి రకాలను కలిపి సంకరణ చేసి, తరాలు దాటించి, అఖిల భారత సమన్వయ పరీక్షల్లో నెగ్గించి రకం బయటికి తేవాలంటే అటూ ఇటూగా పదేళ్లు. స్కీము ఐదేళ్లకు, నిధులు ఏడాదికి. లెక్కలు మార్చి 31కి తేలాలి. దాళ్వా, అంటే రబీ వరి సరిగ్గా ఆ రోజుల్లోనే పూత మీద ఉంటుంది. పొద్దున్నే కంకి పట్టుకుని, ఒక్కో పువ్వు కొన కత్తిరించి, కేసరాలు లాగేసి, బటర్‌పేపర్ సంచి తొడగాలి. మోకాలి లోతు బురదలో నేనుంటే గట్టు మీద ఫోను మోగుతుంది: ‘సార్, ఈ పద్దులో డబ్బు మిగిలింది, ఏదో ఒకటి కొనండి’ అని.

అధికారి: అలా ఫోన్లు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను లెండి. (నవ్వులు) మిగిలింది వెనక్కి పోతే వచ్చే ఏడాది కోత పడుతుందని మా భయం. 2017తో పంచవర్ష ప్రణాళికలు పోయాయి, స్కీముల గడువు ఆర్థిక సంఘం కాలంతో ముడిపడింది. అయినా మార్చి హడావుడి మారలేదు. ఇంకో సంగతి. జీతాలు, పింఛన్లు పోగా పరిశోధనకు మిగిలేదే తక్కువ. దాన్ని కూడా గుడి దగ్గర ప్రసాదంలా తలా కాస్త పెడతాం. ఎవరికీ కడుపు నిండదు. అందుకే కొన్ని మూసేయాలంటాను. రైతులు వేయడం మానేసిన పంట మీద అన్నన్ని కేంద్రాలు దేనికి?

శాస్త్రవేత్త: అక్కడే నాకు అభ్యంతరం. ఎఫ్‌ఆర్ 13ఏ అని ఒక వరి. ఒడిశా రైతుల నాటు రకంలోంచి ఏరింది. దిగుబడి చూస్తే ఎవరూ వేయరు. మీ లెక్కన అది ఎప్పుడో పోవాలి. కానీ నీట మునిగినా బతికే సబ్1 జన్యువు దాన్లోనే దొరికింది. దాన్ని మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకంలోకి ఎక్కించారు, 2009లో స్వర్ణ సబ్1 విడుదలైంది. రెండు వారాలు మునిగినా పైరు మళ్లీ లేస్తుంది.

అధికారి: అలాంటి పాత రకాల విత్తనాలు దాచే విత్తన నిధిని ముట్టుకోమని నేనన్నానా సార్? ఆ చల్లటి గదికి కరెంటు ఒక్క రోజు కూడా పోకూడదు. నేననేది ఒకే ప్రశ్న మీద మూడు చోట్ల మూడు ప్రాజెక్టులు నడవడం గురించి.

శాస్త్రవేత్త: అదైతే ఒప్పుకుంటాను. నేనే ఒకటి నడిపాను.

యాంకర్: అమ్మా, మీరు వింటూనే ఉన్నారు...

రైతు: వీళ్లిద్దరూ రకం బయటికొచ్చేదాకా మాట్లాడుతున్నారండీ. నా సంగతి ఆ తర్వాతే మొదలవుద్ది. మేం సాంబ మసూరి వేస్తాం. 1986 నాటి బాపట్ల రకం. తెగుళ్లకు తట్టుకోదు, అయినా వదలం. ఎందుకూ? మిల్లు వాళ్లు ఆ గింజే అడుగుతారు.

శాస్త్రవేత్త: ఎండాకు తెగులు తట్టుకునేలా దాన్నే మెరుగు చేశారు కదమ్మా. హైదరాబాద్‌లోనే జీవకణ పరిశోధన చేసే సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు జన్యువులు చేర్చాయి. 2008లో వచ్చింది.

రైతు: మంచిదే సార్, కాదనను. మా షాపులో అడిగితే ‘ఆ పేరు వినలేదు’ అన్నాడు. మీ పుస్తకంలో అది విడుదలైనట్టు. మా ఊళ్లో కానట్టే. మీరు లెక్కేసేటప్పుడు ఎన్ని రకాలిచ్చామని వేస్తారు, ఎన్ని ఎకరాల్లో నాటారని ఎవరన్నా వేస్తారా?

అధికారి: వేస్తాం, కానీ... బ్రీడర్ విత్తనం, అంటే రకం తయారుచేసినవాళ్లు ఇచ్చే మొదటి విత్తనం, ఎంత ఇచ్చామన్న దగ్గరే మా లెక్క ఆగుతుంది. దాన్ని ముందు ఫౌండేషన్ విత్తనంగా, ఆపైన రైతుకు అమ్మే సర్టిఫైడ్ విత్తనంగా పెంచేది వేరే వాళ్లు. అక్కడ తెగితే బాధ్యత ఎవరిదో పత్రంలో ఉండదు.

యాంకర్: ప్రణాళిక రాసే బల్ల దగ్గర మిల్లరుకో విత్తన షాపు వాళ్లకో కుర్చీ ఉంటుందా?

అధికారి: రైతు ప్రతినిధిని పిలుస్తాం. మిల్లరును... నేనున్నన్నాళ్లూ చూళ్లేదు.

రైతు: ఆ ప్రతినిధిని కూడా భోజనాల వేళకే అడుగుతారు, ‘మీరేమంటారమ్మా’ అని.

యాంకర్: ఇప్పుడు నేను అడగబోయేది కూడా అదే ప్రశ్న. (నవ్వులు) చిన్న విరామం తర్వాత ముందు మీతోనే మొదలెడదాం.